ఎర్రదీపం ఎక్కడ నిలబెట్టాలి?

మా కడప జిల్లాలో ఎవరినైనా దారి అడిగి చూడండి. "సిగ్నల్ కాడ ఎడంపక్క తిరుక్కో" అని చెప్పేవారు అరుదు. ప్రొద్దుటూరులో అయితే "రాజీవ్ సర్కిల్ కాడ దిగు" అంటారు, లేదా "పుట్టపర్తి సర్కిల్ దాటినాక" అంటారు. పులివెందులలో "పూల అంగళ్ల కాడికి రా" అంటారు. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు చెబితే చాలు, చిన్నపిల్లవాడు కూడా వేలు చూపిస్తాడు. కూడలికి ఒక మనిషి పేరో, అంగడి పేరో ఉంటుంది గాని దీపం పేరు ఉండదు. ఎందుకంటే మా ఊళ్లలో కూడలిని ఇన్నేళ్లుగా నడిపించింది దీపం కాదు, ఈల. ఖాకీ బట్టలు వేసుకొని, చెయ్యి చాచి, ఈల ఊదే మనిషి. ఈనాటికీ చాలాచోట్ల ఆయనే నడిపిస్తున్నాడు.

పరిచర్య నిమిత్తం మేము ఈ మూడు ఊళ్ల మధ్య తిరుగుతూ ఉంటాము. కొన్నిసార్లు ఆర్టీసీ బస్సు, ఎక్కువసార్లు మా పాత స్కూటరు. కూడికలకని కడప, తిరుపతి, హైదరాబాదు, బెంగళూరు కూడా వెళ్లి వస్తుంటాము. వెళ్లిన ప్రతి ఊళ్లో ఒక సంగతి చూడటం మాకు అలవాటైపోయింది. ఇక్కడ సిగ్నల్ దీపాలను దేనికి తగిలించారు? పక్కన పాతిన స్తంభానికా, రోడ్డు మీదికి చాచిన ఇనుప చేతికా, రోడ్డుకు అడ్డంగా కట్టిన కమానుకా? కొందరు ఊరికి వెళితే కోటలు చూస్తారు, కొందరు అంగళ్లు చూస్తారు, మేము స్తంభాలు చూస్తాము. మా ఇంటి ఆమె దీనికి నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆ దీపం పెట్టిన చోటు మంచిదా కాదా అన్నదాని మీద ఒక కుటుంబం బ్రతుకు ఆధారపడటం మేము కళ్లారా చూశాము. ఆ సంగతి ముందుకు వస్తుంది.

రోడ్డు మీద సిగ్నల్ అనేది మొట్టమొదట లండన్ నగరంలో, 1868 డిసెంబరులో, పార్లమెంటు భవనం దగ్గర నిలబెట్టారు. దాన్ని తయారుచేసిన జె.పి. నైట్ రైల్వే ఇంజనీరు. కాబట్టి అది రైలు సిగ్నల్‌కు స్వయానా తమ్ముడు. ఎత్తైన స్తంభం, పక్కకు చాచే చేతులు, రాత్రివేళ గ్యాసుతో వెలిగే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు. కింద ఒక పోలీసు నిలబడి దాన్ని తిప్పాలి. నెల తిరిగిందో లేదో, 1869 జనవరిలో గ్యాసు కారి అది పేలింది, తిప్పుతున్న పోలీసు గాయపడ్డాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ దాని జోలికి పోలేదు. 1914 ఆగస్టులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటు దీపాలు వచ్చాయి. 1920లో డెట్రాయిట్ నగరపు పోలీసు అధికారి విలియం పాట్స్ ఎరుపు, ఆకుపచ్చల నడుమ పసుపును చేర్చి, నాలుగు వైపులా కనపడే మూడు రంగుల సిగ్నల్ చేశాడు. అమెరికాలో చాలాచోట్ల మూలల్లో స్తంభాలు పాతి, వాటి మధ్య తీగలు లాగి, కూడలి నడిమధ్యన దీపాల పెట్టెను వేలాడదీస్తారు. గాలికి అది ఊయల ఊగుతుంది. మన ఊళ్లకు ఆ పద్ధతి రాకపోవడమే మేలు. కరెంటు తీగలు, కేబుల్ టీవీ తీగలు, పండుగ తోరణాలు, వీటి మధ్య ఇంకొక తీగ ఏది అని వెతుక్కోవలసి వచ్చేది.

మన దేశానికి వచ్చింది బ్రిటిషు పద్ధతి. బండి ఆగవలసిన తెల్లగీత దగ్గర, రోడ్డు పక్కన ఒక స్తంభం. కూడలి దాటాక అవతల పక్కన అదే దీపాన్ని మళ్లీ చూపించే రెండో స్తంభం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1985లో సిగ్నళ్ల కోసమే ఒక నియమావళి అచ్చువేశారు. దాని సంఖ్య 93. ఇంజనీర్లు నేటికీ ఆ సంఖ్యతోనే దాన్ని పిలుస్తారు.

ఇక మా ఊళ్ల సంగతికి వద్దాము.

ప్రొద్దుటూరు బంగారానికీ, బట్టలకూ పేరున్న ఊరు. పెళ్లి కుదిరితే చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే దిగుతాయి. దసరా వచ్చిందంటే మరీను. నెల్లూరు వైపునుండి మైదుకూరు మీదుగా వచ్చే 67వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరినీ, జమ్మలమడుగునూ కలుపుకొని తాడిపత్రి వైపు సాగుతుంది. సిమెంటు లారీలు, నాపరాయి లారీలు, థర్మల్ కేంద్రం బూడిద మోసే పెద్ద ట్యాంకర్లు ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి. ఇంత రద్దీ ఉన్నచోట కూడలి మధ్యలో మనం దేన్ని నిలబెడతాం? విగ్రహాన్ని.

విగ్రహాల మీద మాకు కోపమేమీ లేదు. పుట్టపర్తి నారాయణాచార్యుల వంటి కవి (1914–1990) పేరు ఒక కూడలికి ఉండటం ఆ ఊరికి గౌరవమే. మా ఇబ్బంది వేరు. కూడలి నడుమ చోటు ఒక్కటే ఉంటుంది. నాలుగు దారుల నుండి వచ్చే కళ్లన్నీ వచ్చి పడేది ఆ చోటు మీదే. అక్కడ విగ్రహం నిలబడితే అది ఒక దారికి ముఖం చూపి, మూడు దారులకు వీపో, భుజమో చూపిస్తుంది. చుట్టూ గద్దె కడతారు, గద్దె చుట్టూ కంచె, కంచెకు ఫ్లెక్సీ, ఫ్లెక్సీ పైన జెండాలు. అవతలి స్తంభం మీది దీపం వీటన్నిటి వెనక్కి పోతుంది. 2013 జనవరిలో సుప్రీం కోర్టు రోడ్ల మీదా, కాలిబాటల మీదా రాకపోకలకు అడ్డయ్యే విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలను ఆదేశించింది. అదే ఉత్తర్వులో వీధిదీపాలకూ, రాకపోకల కోసం కట్టేవాటికీ మినహాయింపు ఇచ్చింది. అంటే న్యాయస్థానం కూడా కూడలి నడుమ దేనికి చోటు ఉందో, దేనికి లేదో చెప్పినట్టే. ఆ ఉత్తర్వు వచ్చాక విగ్రహాలు ఆగాయా అని మాత్రం మమ్మల్ని అడగకండి.

విగ్రహం లేనిచోట గొడుగు కింద దిమ్మె, దిమ్మె మీద పోలీసు. నిజం చెప్పాలంటే మా మనసుకు దగ్గరైన సిగ్నల్ ఇదే. ఎందుకంటే ఆ సిగ్నల్‌కు కళ్లు ఉన్నాయి. కర్ర పట్టుకొని దాటలేక నిలబడిన అవ్వను దీపం చూడదు, ఆయన చూస్తాడు. శవపేటిక వెంట నడిచే మా సంఘస్థుల కోసం లారీలను ఆపి, టోపీ తీసి చేత పట్టుకొని నిలబడిన హోంగార్డును మేము చూశాము. అయినా మే నెలలో ప్రొద్దుటూరు ఎండలో, ఆ పొగలో, పూటంతా ఒక మనిషిని దిమ్మె మీద నిలబెట్టడం ధర్మం కాదు. దీపం పెడితే ఆయన నీడకు వెళ్లి, అవసరమైనప్పుడు బయటికి వస్తాడు. కాబట్టి దీపం కావలసిందే. ప్రశ్నల్లా అది ఎక్కడ అన్నదే.

రోడ్డు పక్కన పాతిన మామూలు స్తంభం గురించి కొంచెం ఎక్కువ చెబుతాము. అది మాకు ఇష్టమైన రకం. దానికి ఖర్చు తక్కువ. బల్బు పోతే ఒక నిచ్చెనతో పని అయిపోతుంది. దీపం నడిచే మనిషికీ, సైకిలు మనిషికీ, ఆటో డ్రైవరుకూ తల మరీ ఎత్తకుండానే కనపడుతుంది. ఫ్రాన్సు దేశంలో ఇంకొక మంచి ఏర్పాటు ఉంది. తెల్లగీత దగ్గరి స్తంభానికే, డ్రైవరు కంటి ఎత్తున, అరచేతి పాటి చిన్న దీపాలను మళ్లీ తగిలిస్తారు. ముందువరుసలో నిలబడినవాడు మెడ విరుచుకొని పైకి చూడనక్కర లేదు. ఖర్చు పెద్దగా ఉండదు. మన ఊళ్లలో పెడితే వారం తిరగకముందే దాని మీద సినిమా పోస్టరు అంటిస్తారేమో గాని, ఆలోచన మాత్రం మంచిది.

పక్క స్తంభానికి ఒక్కటే లోపం. ముందు ఒక బస్సు నిలబడితే చాలు, వెనకవాడికి దీపం ఉండదు. అరటిపండ్ల బండి ఆగినా అంతే. అందుకే అవతల రెండో స్తంభం తప్పనిసరి. మా బాధ ఏమంటే, డబ్బు చాలనప్పుడు మొదట మానేసేది ఆ రెండోదాన్నే.

ఈ స్తంభాలను చూసినప్పుడల్లా మాకు సంఖ్యాకాండము గుర్తుకు వస్తుంది. అరణ్యంలో పాములు కరిచిన జనానికి మోషే ఇత్తడి సర్పాన్ని చేయించి ఊరుకోలేదు, దాన్ని స్తంభం మీద పెట్టాడు. కరవబడినవాడు ఎక్కడ పడివున్నాడో అక్కడినుండే దాన్ని చూడగలగాలి. లేచి నడిచి వచ్చి చూడు అనడానికి వాడికి కాళ్లలో సత్తువ ఉండదు గదా. చేసిన వస్తువుకు ఎంత విలువో, దాన్ని నిలబెట్టిన ఎత్తుకూ అంత విలువ. అదే గ్రంథంలో, కొంచెం ముందు అధ్యాయంలో, గుడారం మీది మేఘం లేచినప్పుడు జనం బయలుదేరడం, నిలిచినప్పుడు నిలవడం గురించి చదువుతాము. రాత్రి అయితే అగ్ని. పాళెంలో ఏ గోత్రం ఏ దిక్కున దిగినా కనపడే చోట, నడిమధ్యన, అన్నిటికీ పైన. ప్రభువు కూడా దీపాన్ని కుంచం కింద కాదు, దీపస్తంభం మీద పెట్టడం గురించే మాట్లాడాడు. దీన్ని మేము ప్రసంగాలలో ఆత్మీయంగా చెబుతాము, చెప్పవలసిందే. కాని మొదట అది ఇంట్లో దీపం పెట్టే చోటు గురించిన మామూలు తెలివి.

ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగుకు సాయంత్రం బయలుదేరితే, పడమటి సూర్యుడు దారిపొడవునా కళ్లలోకే కొడతాడు. రెండో రకం, అంటే రోడ్డు మీదికి చాచిన ఇనుప చెయ్యి, ఇక్కడ పరీక్షకు నిలబడుతుంది. ఆ చెయ్యి మంచిదే. లారీ వెనక ఉన్నవాడికీ కనపడుతుంది, అరటిపండ్ల బండి దాన్ని మూసివేయలేదు. కాని పడమటికి పోయేవాడికి సాయంకాలం దీపమూ, సూర్యుడూ ఒకేచోట ఉంటాయి. పాత బల్బుల కాలంలో ఇంకో చిక్కు ఉండేది. ఉదయం గాని సాయంత్రం గాని వెనకనుండి ఏటవాలుగా పడిన ఎండ అద్దంలోకి పోయి, లోపలి రేకు మీద తగిలి తిరిగి వచ్చేది. మూడు దీపాలూ వెలిగినట్టే కనపడేవి. ఎల్ఈడీ దీపాలు వచ్చాక ఈ బాధ తగ్గింది. ప్రతి దీపం పైన టోపీ అంచులాంటి రేకు పెట్టేది, వెనక నల్లని పలక బిగించేది ఇందుకే. ఆ నల్లపలక లేకుండా ఆకాశం మీద వేలాడే దీపాన్ని రాయలసీమ ఎండలో వెతకడం కష్టం. పలక ఊడిపోతే ఎవరూ పట్టించుకోరు, దీపం వెలుగుతున్నది గదా అంటారు.

జమ్మలమడుగు ఆసుపత్రి పేరు ముందే చెప్పాము. లండన్ మిషన్ వైద్యుడు డాక్టర్ విన్సెంట్ క్యాంప్‌బెల్ పేరు మీద ఉన్న ఆ ఆసుపత్రికి శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. ఊరు తెలియని పల్లెవారు రోగిని ఆటోలో వేసుకొని తొందరలో వచ్చే ఊరు ఇది. గండికోట చూడటానికి వచ్చే బండ్లు కూడా ఈ ఇరుకు వీధులలోకే దిగుతాయి. ఊరు తెలిసినవాడికి సిగ్నల్ ఎక్కడున్నా పరవాలేదు, వాడికి కూడలి అలవాటే. తెలియనివాడికే అది చూసిన వెంటనే కనపడాలి. స్తంభం ఎక్కడ పాతాలో నిర్ణయించేవారు ఊరివారే, వారికి ఆ కూడలి కళ్లు మూసుకున్నా తెలుసు. చిక్కంతా అక్కడే వస్తుంది.

మా సంఘంలో ఆటో నడిపే ఒక సహోదరుడు ఉన్నాడు. పేరు వద్దు. ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా తెలియవు, పుట్టుకనుండి అంతే. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. కొద్దిపాటి, మధ్యస్థపు వర్ణాంధత్వం ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో నియమం మార్చింది. ఆ వార్త పత్రికలో చదివి వినిపించినప్పుడు ఆయన మాతో అన్నమాట ఇది. "అయ్యగారూ, నాకు రంగుతో పనిల్యా. పైన ఎలిగితే నిలబడతా. కింద ఎలిగితే పోతా. నడమది ఎలిగితే బ్రేకు మింద కాలు పెడతా." ఆయన చదివేది రంగును కాదు, చోటును. ఆ మాట విన్న నాటినుండి సిగ్నళ్లను మేము చూసే తీరే మారిపోయింది.

చూడండి, నిలువుగా తగిలించిన పెట్టెలో ఎరుపు పైనే ఉంటుందన్నది లోకంలో దాదాపు అందరూ ఒప్పుకున్న మాట. అమెరికాలో సిరక్యూస్ అనే ఊళ్లో ఒక్కచోట ఆకుపచ్చ పైన ఉంటుంది. అక్కడి ఐర్లండు కుటుంబాలవారు తమ రంగు ఎరుపు కింద ఉండటానికి ఒప్పుకోలేదట. వారి పౌరుషం వారిది, మా ఆటో సహోదరుణ్ని మాత్రం అక్కడికి పంపము. జపాను దేశంలో చాలాచోట్ల పెట్టెను అడ్డంగా తగిలిస్తారు, ఎరుపు కుడివైపు చివరన ఉంటుంది. మంచు ఎక్కువ పడే ఉత్తరాన మళ్లీ నిలువుగానే పెడతారు, అడ్డంగా ఉంటే మంచు బరువు నిలుస్తుందని. ఏదైనా ఒక పద్ధతి పట్టుకొని అందరూ దాన్నే పాటిస్తే ఇబ్బంది లేదు.

ఇబ్బంది వచ్చేది ఒంటిదీపంతో. చిన్న ఊళ్ల బయట, బడుల దగ్గర, ఒకే దీపం మినుకుమంటూ ఉంటుంది. మినుకుమనే పసుపు అయితే నెమ్మదిగా చూసి పొమ్మని అర్థం. మినుకుమనే ఎరుపు అయితే ఆగి, చూసి, అప్పుడు పొమ్మని అర్థం. ఒక్కటే దీపం గనుక పైనా కిందా అనే తేడా లేదు. మా సహోదరుడు అక్కడ ఎప్పుడూ ఆగుతాడు, వెనకవాడు హారన్ కొడతాడు. ఇప్పుడు పెద్ద నగరాలలో స్తంభమంతా పైనుంచి కిందికి ఎర్రగానో, ఆకుపచ్చగానో వెలిగే కొత్త రకం వచ్చింది. రాత్రివేళ చూడటానికి అందంగా ఉంటుంది, దూరానికీ కనపడుతుంది. మాకు మాత్రం అంతగా రుచించలేదు. మా సహోదరుడికి అది వెలిగే గడకర్ర, అంతే.

ఇక్కడ మన భాష గురించి కూడా ఒక మాట. పచ్చ అంటే మనకు ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. పల్లెనుండి కొత్తగా వచ్చినవాడికి "పచ్చదీపం పడితే పో" అని చెబితే, వాడు పసుపు పడగానే బయలుదేరితే తప్పు ఎవరిది? "కింద దీపం పడితే పో" అని చెప్పడమే క్షేమం.

జమ్మలమడుగు నుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోతాము. ముద్దనూరు మద్రాసు, బొంబాయి పాత రైలుమార్గం మీది స్టేషను. రెండు వైపులనుండి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. మా చిన్నతనంలో ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు రైలెక్కితే చెయ్యి సిగ్నళ్లు కనపడేవి. చెయ్యి నిటారుగా అడ్డంగా ఉంటే రైలు ఆగాలి. వాలితే పోవచ్చు. మరో రకంలో పైకి లేస్తే పోవచ్చు. ఆ రెండింటిలోనూ ఒక తెలివి ఉంది. స్టేషను నుండి లాగే తీగ తెగిపోతే చెయ్యి దానంతట అదే, బరువుకు, ఆగమనే స్థితికి వచ్చేస్తుంది. పాడైనప్పుడు పొమ్మని చెప్పదు, ఆగమనే చెబుతుంది. కూడలి సిగ్నల్ పాడైతే ఏమి చెబుతుంది? ఏమీ చెప్పదు, చీకటిగా ఉంటుంది, అందరూ ఒక్కసారే పోతారు.

రైలువారు స్తంభాన్ని పట్టాలకు ఎడమవైపునో, పైననో పెడతారు. పక్కపక్కనే రెండు దారులకు రెండు చేతులు పెట్టవలసివస్తే, ముఖ్యమైన దారిది కొంచెం ఎత్తున ఉంటుంది. ఇప్పటి రంగుదీపాల స్తంభాన్ని గమనించండి. ఎరుపు అన్నిటికంటే కింద ఉంటుంది, రోడ్డు సిగ్నల్‌కు తలకిందులు. ఆపవలసిన దీపం డ్రైవరు కంటికి అన్నిటికంటే దగ్గరగా ఉండాలని ఆ ఏర్పాటు. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల రైలుమార్గం తెరిచాక జమ్మలమడుగు, ప్రొద్దుటూరులకు కూడా రైలు వచ్చింది. మా ఆటో సహోదరుడు స్టేషనుకు బాడుగ వేసుకొనిపోయి, ఆ స్తంభాన్ని చూసి, "ఈళ్లు తిరగేసినారే" అని కాసేపు నిలబడిపోయాడట.

పులివెందులకు రోడ్లు వెడల్పు. 2004 తర్వాత ఆ ఊరి రూపురేఖలు మారాయి. వెడల్పు రోడ్డుకు పక్క స్తంభం చాలదు, ఎడమ అంచున నిలబెడితే కుడి వరుసలో పోయేవాడికి అది ఎక్కడో ఉంటుంది. అక్కడ చాచిన చెయ్యి కావాలి, మరీ వెడల్పయితే కమాను కావాలి. చీనీకాయలు, అరటిగెలలు ఎత్తుగా పేర్చుకొని పోయే లారీలను చూసినవారికి కమాను ఎంత ఎత్తున ఉండాలో వేరే చెప్పనక్కర లేదు. కమానుకు ఉన్న దోషం కమానుది కాదు. అంత పెద్ద ఇనుప చట్రం ఊరి నడుమ ఊరికే ఉండటం చూసి మన కళ్లు ఓర్వవు. మొదట ఊరి పేరు, తర్వాత స్వాగతం, తర్వాత ఒక నగల అంగడి ప్రకటన, తర్వాత పుట్టినరోజు శుభాకాంక్షలు. చివరికి దీపాలు ఆ బొమ్మల మధ్య చెవిపోగుల్లా మిగులుతాయి.

ఇక ఆ కుటుంబం సంగతి. ఈ మూడు ఊళ్లలో కాదు, ఊరి పేరు చెప్పము. మా సంఘంలో పాటలు పాడే యౌవనస్థుడు, ఇరవైరెండేళ్లవాడు, తల్లికి మందులు తేవడానికి మోటారుసైకిలు మీద ఆ ఊరికి వెళ్లాడు. వాడికి ఆ ఊరు కొత్త. కూడలిలో పక్క స్తంభం ఒక్కటే ఉంది, అవతలి స్తంభం లేదు. ఉన్న ఆ ఒక్క స్తంభానికే, దీపాలకు అడ్డంగా, ఎవరిదో నిలువెత్తు ఫ్లెక్సీ తీగలతో కట్టి ఉంది. వాడు ముందున్న బండి వెనకే పోయాడు. పక్కనుండి టిప్పరు వచ్చింది. ప్రాణం దక్కింది, ప్రభువుకు స్తోత్రం. కుడికాలు మోకాలి కింద తీసివేశారు.

ఎర్రదీపం దాటాడు అని కాగితాల మీద రాశారు. నష్టపరిహారం కేసులో అవతలి వకీలు దాన్నే పట్టుకొని, తప్పులో వాడికీ భాగం ఉంది గనుక పరిహారం తగ్గించాలని వాదించాడు. వాడి తండ్రి నాపరాయి గనిలో పనిచేసే మనిషి, ఎక్కువ మాట్లాడడు. కోర్టు మెట్ల మీద కూర్చొని మాతో ఒక్క మాటే అన్నాడు. "కనపడి దాటింటే నా కొడుకుదే తప్పు అయ్యగారూ. కనపడనిదానికి యాడ నిలబడేది?" మేము జవాబు చెప్పలేదు. ఆయన కూడా జవాబు కోసం అడగలేదు. కేసు ఇంకా నడుస్తున్నది.

తర్వాత మేము మోటారు వాహనాల చట్టం, 1988, చదివాము. సిగ్నల్‌కు లోబడాలని 119వ సెక్షను చెబుతుంది, అది అందరికీ తెలుసు. దానికంటే ముందున్న 116వ సెక్షను ఎవరూ చదవరు. రోడ్డు సిగ్నల్‌ను కనపడకుండా చేసే ప్రకటనను గాని, దానిలాగే ఉండి చూసేవారిని తప్పుదారి పట్టించే దాన్ని గాని తీసివేయించే అధికారం పోలీసు అధికారికి ఆ సెక్షనులో ఉంది. అంటే చట్టం మాట ఇది: నువ్వు దీపానికి లోబడాలి, ఆ దీపం నీకు కనపడేలా మేము చూడాలి. ఒక సగం మాత్రమే మన దగ్గర అమలవుతున్నది.

రాజకీయ నాయకుల ఫ్లెక్సీలను తిట్టడం తేలిక. డిసెంబరు నెలలో మన సంఘాల వైపు చూడండి. సువార్త మహాసభల ఫ్లెక్సీ ఎక్కడ కడతారు? ఊళ్లో ఎక్కువ కళ్లు పడే చోట, అంటే కూడలిలో, అంటే ఆ స్తంభానికే. మరొక ఊళ్లో అయితే యౌవనస్థులు పెద్ద ఎర్ర కాగితపు నక్షత్రం చేసి, లోపల బల్బు పెట్టి, రోడ్డు మీదికి చాచిన సిగ్నల్ చేతికే వేలాడదీశారు. తూర్పు జ్ఞానులు దాన్ని చూసి సంతోషించేవారేమో గాని, లారీ డ్రైవరు దూరంనుండి ఎర్రదీపం అనుకొని బ్రేకు వేస్తాడు, దగ్గరికి వచ్చి నక్షత్రం అని తెలుసుకుంటాడు. మరునాడు నిజమైన ఎరుపు వెలిగినా అది నక్షత్రమే అనుకుంటాడు. దసరాకు, రంజానుకు, వినాయక చవితికి కట్టే రంగుబల్బుల తోరణాల గురించి ఇతరులతో మాట్లాడే ముందు మన నక్షత్రాన్ని మనం దించుకోవాలి.

గత ఏడాది సంఘ పెద్దల కూడికలో ఈ సంగతి పెట్టాము. ఒక పెద్దాయన, "కూడలిలో కట్టకపోతే సభలకు జనం ఎట్లా వస్తారు అయ్యగారూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ కాలు పోయిన అబ్బాయి చేతికర్రతో వెనక బల్ల మీద కూర్చొని ఉన్నాడు. వాడు ఏమీ అనలేదు. పెద్దాయన వెనక్కి ఒకసారి చూసి, "సరే, గుడి ప్రహరీకి కడదాము" అన్నారు. సిగ్నల్ స్తంభానికి గాని, దాని ముందు వంద అడుగుల లోపు గాని మన ఫ్లెక్సీ ఉండకూడదని మినిట్సు పుస్తకంలో రాసుకున్నాము. వంద అడుగులు అన్న లెక్క మాదే, చట్టంలో లేదు.

తర్వాత ఆ ఊరి మున్సిపల్ కార్యాలయానికి ఫొటోలతో, 116వ సెక్షను ప్రస్తావనతో అర్జీ ఇచ్చాము. రెండో స్తంభం కూడా కావాలని అడిగాము. అబ్బాయే రాశాడు, వాడి చేతిరాత మాకంటే బాగుంటుంది. పదో రోజున ఫ్లెక్సీ తీసివేశారు. నెల తర్వాత అదే చోట వేరే ముఖంతో ఇంకొకటి వచ్చింది. మళ్లీ అర్జీ ఇచ్చాము, అది కూడా పోయింది. రెండో స్తంభానికి మాత్రం నిధులు లేవన్నారు. ఫ్లెక్సీలు కట్టిన తీగముక్కలు స్తంభానికి ఇంకా వేలాడుతున్నాయి. వాటిని కత్తిరించడానికి మా యౌవనస్థులకు అనుమతి ఇవ్వమని మూడో అర్జీ పెట్టాము, దానికి నంబరు వేసి ఇచ్చారు.